బి నెగెటివ్, రెండు యూనిట్లు

మా ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల చలిలో
రెండు సంచులు పక్కపక్కనే పడుకున్నాయి.
మీద నా చేతిరాత:
చెంగల్రాయుడు, అరవై మూడు, కుడి మోకాలు, బుధవారం.

కొండ బస్సులో కండక్టరు.
ముప్ఫై ఏళ్ళు నిలబడే ఎక్కాడు, నిలబడే దిగాడు.
ప్రతి మలుపులో ఒళ్ళు అటు తూలితే
మోకాలు ఇటు ఆపింది.
జనం గోవిందా అన్నప్పుడల్లా
లోపల చిప్ప కిర్రుమనేదంట.
"మోకాళ్ళ మెట్టు నేనెప్పుడూ ఎక్కలేదమ్మా,
బస్సులోనే అది నన్నెక్కింది" అన్నాడు
శాంపిల్‌కి చెయ్యి చాపుతూ.

ఆ గ్రూపు దొరకడం కష్టం.
ఒకటి పాకాల నుంచి వచ్చిన డ్రైవరు కొడుకుది.
ఇంకోటి రేణిగుంటలో టైలరుది;
మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చాడు.

నేను చేరిన కొత్తల్లో
మోకాలు మార్చడమంటే మా కిటికీ దగ్గర గుంపు.
అల్లుళ్ళు, తోడల్లుళ్ళు, చొక్కా చేతులు మడుచుకుని.
"ఇంకొకటి కావాలంట" అని వార్డుబాయ్ పరుగు.
ఎముకను రాయనుకుంటాం.
కోసి చూస్తే, స్వర్ణముఖి ఇసకలో చెలమ తీసినట్టు
తోడేకొద్దీ ఊరుతుంది.
సాయంత్రానికి డ్రెయిన్ సీసా నిండేది,
దాని వెనక ఇంకో సీసా.

ఇప్పుడొక చిన్న గాజుబుడ్డి.
ట్రానెక్సామిక్ ఆసిడ్. నోరు తిరగడానికి నాకు వారం పట్టింది.
చూస్తే నీళ్ళే.
కోతకు ముందు మత్తు డాక్టరమ్మ సెలైన్లో కలిపి
నిదానంగా వదులుతుంది.
రక్తాన్ని చిక్కబరుస్తుందేమో అనుకునేదాన్ని.
డాక్టరమ్మే చెప్పింది:
గాయం నోట రక్తం తానే వల అల్లుకుంటుంది,
తొందరపడి మళ్ళీ తానే విప్పుకుంటుంది;
ఈ మందు ఆ విప్పే వేళ్ళను కాసేపు పట్టుకుంటుంది,
అంతే.
బండి ఆగకముందే దిగబోయేవాణ్ణి
ఫుట్‌బోర్డు మీద చెయ్యడ్డం పెట్టి ఆపినట్టు.

కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా,
గుండెకు స్టెంటు వేశారా అని
ముగ్గురు మూడుసార్లు అడిగారు.
మూడోసారికి విసుక్కున్నాడు:
"ఒక టికెట్టుకు ఎన్ని చెకింగులు సామీ!"

బుధవారం పదకొండింటికి మొదలు.
నేను ఫోను పక్కనే కూర్చున్నాను.
మోగలేదు.
అన్నం డబ్బా తెరిచాను, మూశాను.
మోగలేదు.
గురువారం రిపోర్టు వచ్చింది:
పన్నెండు పాయింట్ నాలుగు ఉన్నది
పదకొండు పాయింట్ ఒకటి.
నోటు అలాగే ఉంది, చిల్లర మాత్రం పోయింది.

శుక్రవారం సంచుల మీద ఆయన పేరు కొట్టేశాను.
ఎర్ర పెన్ను ఎక్కడ పడిపోయిందో, నీలంతోనే.

శనివారం రాత్రి రెండున్నరకి
కాళహస్తి వైపు నుంచి అంబులెన్సు.
కాన్పయిన పిల్ల, ఇరవై రెండేళ్ళు.
ఆమెకీ ఆ బుడ్డే ఎక్కించారు, వచ్చే దారిలో.
కొన్ని గాయాలు మందు మాట వినవు.
గ్రూపు చూడగానే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
ఒక సంచి వెళ్ళింది. టైలరుది.
తెల్లారేసరికి ఆమె నీళ్ళడిగిందని నర్సు చెప్పింది.

రెండోది ఇంకా ఇక్కడే ఉంది.
దాని తేదీకి పదకొండు రోజులు.

కుట్లు తీయించుకుని, వాకర్ పట్టుకుని
మా కిటికీ దాకా వచ్చాడు చెంగల్రాయుడు.
"షాహీనమ్మా, నా పేరు మీద రెండు సీట్లుండె కదా,
ఖాళీగా పోయినాయా?"
"ఒకటి నిండింది."
"ఎవురెక్కిరి?"
"చెప్పకూడదు."

కాసేపు ఊరుకున్నాడు.
చంకలో లేని సంచీని
చెయ్యి అలవాటుగా తడుముకుంది.
"అట్లయితే రైట్, రైట్" అన్నాడు
మెల్లిగా.